మీ ఊరి మంత్రసానికి ఆస్పత్రిలో చోటు ఇప్పించాలంటే ఎక్కడ మొదలెట్టాలి, ఎవర్ని ఏం అడగాలి

మంత్రసానికి గుర్తింపు అనగానే చాలామంది చేసే మొదటి పని ఏంటంటే, సోమవారం కలెక్టరాఫీసు గ్రీవెన్స్‌కి వెళ్ళి "మా అమ్మమ్మ నలభై ఏళ్ళుగా కాన్పులు చేస్తోంది, ఆమెకి పర్మిషన్ ఇప్పించండి" అని అర్జీ పెట్టడం. ఆ అర్జీ జిల్లా వైద్యాధికారి ఆఫీసుకి, అంటే డీఎంహెచ్‌ఓ ఆఫీసుకి పోతుంది, అక్కడి నుంచి పీహెచ్‌సీకి వస్తుంది, పీహెచ్‌సీ నుంచి ఒక ఏఎన్ఎమ్ (ఊళ్ళు తిరిగే నర్సు) మీ ఇంటికొచ్చి "ఇంట్లో కాన్పులు చేస్తున్నారంట కదా, ఆపండి" అని చెప్పి పోతుంది. గుర్తింపు అడగబోతే కంప్లైంట్ అయి కూర్చుంటుంది అన్నమాట. కాబట్టి ముందు ఏం అడక్కూడదో చెప్తా, తర్వాత ఏం అడగాలో చూద్దాం.

ఇంట్లో కాన్పు చేసే హక్కు అడక్కండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో 97 శాతం, ఆంధ్రాలో 96.5 శాతం కాన్పులు ఆస్పత్రుల్లోనే అయ్యాయి. ప్రసూతి మరణాలు 2018-20 లెక్కల్లో లక్ష కాన్పులకి తెలంగాణలో 43, ఆంధ్రాలో 45, దేశం మొత్తానికి 97. ఈ అంకెలు ప్రతి మెడికల్ ఆఫీసర్ నోట్లో ఉంటాయి, వీటి ముందు మీరు "పాతకాలంలో అందరూ ఇంట్లోనే పుట్టారు కదండీ" అని వాదిస్తే నిలబడదు, నిలబడకూడదు కూడా. రక్తం ఆగకపోతే మంత్రసాని చేతిలో ఏమీ లేదు, అది ఆమెకే అందరికంటే బాగా తెలుసు.

మరి అడగడానికి ఇంకేం మిగిలింది అంటే, చాలా మిగిలింది. అదే సర్వేలో ఇంకో అంకె ఉంది, తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే, ఆంధ్రాలో 42.4. తెలంగాణ ప్రైవేటు ఆస్పత్రుల్లో అయితే 81.5. అంటే ఆడవాళ్ళని ఆస్పత్రికి తీసుకురావడం అయిపోయింది, తెచ్చాక నొప్పులు పడుతున్నంత సేపు పక్కన కూర్చునే మనిషి లేదు. ఒక నర్సు, నాలుగు బల్లలు, పైన కేస్ షీట్ల పని. కాన్పుకి మొదట్నుంచీ చివరిదాకా ఒక తోడు మనిషి ఉంటే ఆపరేషన్లు కొంత తగ్గుతాయని, నొప్పులు కాస్త త్వరగా తేలతాయని పరిశోధనల్లో తేలిందే, ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంటే డబ్ల్యూహెచ్‌ఓ కూడా తోడు మనిషి ఉండాలనే చెప్తోంది. అంతేకాదు, 2015లో ఇచ్చిన సిఫార్సుల్లో అయితే పాతకాలపు మంత్రసానుల్ని పక్కన పడెయ్యకుండా, గర్భిణిని ఆస్పత్రికి తీసుకురావడంలో, తోడుండటంలో వాళ్ళకి కొత్త పని అప్పజెప్పమని కూడా రాశారు. మీరు పట్టుకోవాల్సిన కొస ఇది. నొప్పుల ముందు కనిపెట్టుకుని ఉండటం, నొప్పులప్పుడు పక్కన ఉండటం, పురుడయ్యాక బాలింతనీ బిడ్డనీ చూస్కోవడం. ఈ మూడింటికీ చోటు, పేరు, డబ్బు అడగండి. బిడ్డని పట్టుకునే పని నర్సుకే వదిలెయ్యండి.

మొదట ఒక నోట్‌బుక్

ఏ ఆఫీసుకి వెళ్ళినా మొదట అడిగేది "ఏం ఆధారం ఉంది" అనే. మంత్రసాని దగ్గర కాయితం ఏం ఉండదు, ఉన్నా ఆమెకి అది కాయితమని తెలీదు. అందుకని ఒక లాంగ్ నోట్‌బుక్ కొని ఆమె దగ్గర కూర్చోండి. మనవడో మనవరాలో పక్కింటి డిగ్రీ పిల్లో అయితే మంచిది, కొత్తవాళ్ళొచ్చి అడిగితే గవర్నమెంటు వాళ్ళనుకుని నోరు విప్పరు. "ఎన్ని కాన్పులు చేశావు మామ్మా" అని అడిగితే మా ఉత్తరాంధ్రలో వచ్చే సమాధానం ఒకటే, "ఏటి బాబూ, లెక్కెట్టుకుని సేసేనా ఏటి, ఊరంతా నా సేతిలోంచే ఒచ్చింది". అది నిజమే గానీ ఫైల్లో పనికిరాదు. కాబట్టి లెక్క అడక్కుండా ఇల్లిల్లూ అడగండి. "రామాలయం వీధి మొదటింటి నుంచి చెప్పు, ఆ ఇంట్లో ఎవరెవరు నీ చేతిలో పుట్టారు" అంటే అప్పుడు బయటికొస్తాయి, పెద్దోడు ఎదురుకాళ్ళతో వచ్చాడు, రెండోది పండగ నెలలో పుట్టింది, మూడో దానికి నొప్పులు తేలకపోతే ఎడ్లబండి కట్టించి పెద్దాస్పత్రికి పంపించేను అని. తారీఖులు ఆమెకి తెలీవు, తుఫాన్లు తెలుసు, కరువులు తెలుసు, ఎవరి పెళ్ళి ముందో ఎవరి చావు తర్వాతో తెలుసు. మీరు పక్కన ఆ పిల్లల ఆధార్‌లో ఉన్న పుట్టినరోజు వేసుకోండి, సరిపోతుంది.

నోట్‌బుక్‌లో ఇంటి పేరు, తల్లి పేరు, పుట్టిన ఏడు, ఇంట్లోనా దారిలోనా ఆస్పత్రిలోనా, ఏం కష్టం వచ్చింది, ఏం చేసింది, ఎక్కడికి పంపింది, ఇవి చాలు. అన్నిటికంటే విలువైన గడి ఆ చివరిది, ఎక్కడికి పంపింది అనేది. డాక్టర్లు మంత్రసాని మీద వేసే మొదటి నింద "చెయ్యి దాటాక తీసుకొస్తారు" అని. ఈమె చెయ్యి దాటకముందే పంపిన కేసులు నాలుగైదు, ఆ తల్లుల సంతకాలతో సహా చూపించగలిగితే మాట తీరే మారిపోతుంది. చనిపోయిన కేసులు కూడా రాయండి, దాచొద్దు. దాచిన సంగతి ఊళ్ళో ఎవరో ఒకరు చెప్తారు, అప్పుడు మిగతా నోట్‌బుక్ అంతా అబద్ధం అయిపోతుంది.

కూర్చున్నప్పుడే పెట్టె తీయించండి. పాత ట్రంకు పెట్టెలోనో దేవుడి పటం వెనకాలో ప్రభుత్వం ఇచ్చిన దాయి (అంటే మంత్రసాని) ట్రైనింగ్ కాయితం ఏదైనా ఉండొచ్చు. మంత్రసానులకి ట్రైనింగ్ అనేది చాలా పాత కథ, బ్రిటిష్ వైస్రాయ్ భార్య లేడీ కర్జన్ కాలం నుంచి నడుస్తోంది, 1946లో దేశ ఆరోగ్య వ్యవస్థ మీద వేసిన భోర్ కమిటీ కూడా సరిపడా నర్సులు తయారయ్యేదాకా దాయిలకి నేర్పించి వాడుకోండి అనే చెప్పింది, స్వాతంత్ర్యం వచ్చాక కూడా దశాబ్దాల పాటు ప్రభుత్వమే పిలిచి నేర్పించి కిట్లు ఇచ్చింది. 2005లో ఆస్పత్రి కాన్పుకి డబ్బిచ్చే జననీ సురక్ష యోజన, ఊరి ఆశా వర్కర్లు వచ్చాక ఈ ముసలాళ్ళని ఎవరూ పొమ్మనలేదు, పిలవడం మానేశారంతే. అందుకని "మీరే నేర్పించారు, మీరే వదిలేశారు" అనేది మీ అర్జీలో గట్టి పాయింట్ అవుతుంది, కాయితం దొరికితే.

కాయితం దొరక్కపోతే సమాచార హక్కు (ఆర్టీఐ) దరఖాస్తు వెయ్యండి. డీఎంహెచ్‌ఓ ఆఫీసు పీఐఓ (సమాచారం ఇచ్చే అధికారి) పేరున, "ఫలానా పీహెచ్‌సీ పరిధిలో ఫలానా సంవత్సరం నుంచి ఫలానా సంవత్సరం దాకా దాయి శిక్షణ పొందిన వారి జాబితా కాపీ ఇవ్వగలరు" అని ఒక్క ప్రశ్న. పది ప్రశ్నలు అడిగితే పదింటికీ "సమాచారం లేదు" అనొచ్చు, ఒక్కటే అడిగితే వెతకాల్సొస్తుంది. ఫీజు జిల్లా ఆఫీసుకి 10 రూపాయలు, మండల స్థాయిలో 5, ఊరి స్థాయి ఆఫీసుకి ఫీజే లేదు, తెల్ల రేషన్ కార్డు కాపీ జతచేస్తే అసలెక్కడా కట్టక్కర్లేదు. జవాబుకి గడువు 30 రోజులు. రికార్డులు లేవు అని రాసిచ్చినా పారెయ్యకండి, అది కూడా ఫైల్లో పెట్టండి, ప్రభుత్వం దగ్గర లెక్కే లేదని ప్రభుత్వమే రాసిచ్చినట్టు కదా.

చట్టంలో ఆల్రెడీ ఉన్న చిన్న చోటు

చాలామందికి తెలీని విషయం ఒకటి. 1969 నాటి జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం పదో సెక్షన్‌లో, కాన్పు దగ్గరున్న మంత్రసాని రిజిస్ట్రార్‌కి కబురు చెయ్యడం ఆమె బాధ్యత అని ఉంది. పుట్టుక నమోదు ఫారంలో అయితే ఒక గడే ఉంది, కాన్పు ఎవరు చేశారు అని, ప్రభుత్వాస్పత్రి, ప్రైవేటు ఆస్పత్రి, డాక్టరు లేక నర్సు లేక శిక్షణ ఉన్న మంత్రసాని, సంప్రదాయ మంత్రసాని, బంధువులు లేదా ఇతరులు, ఇలా ఆప్షన్లు ఉంటాయి. కొండమీద ఊళ్ళోనో డోలీలోనో ఆటోలోనో కాన్పు అయిపోయినప్పుడు మనవాళ్ళు భయపడి ఏం చేస్తారంటే "బంధువులు" అని టిక్ పెట్టించేస్తారు. పెట్టొద్దు. మంత్రసాని పట్టుకుంటే మంత్రసాని అనే పెట్టించండి. సర్కారు రిజిస్టర్లో ఆమె పని కనబడే చోటు అదొక్కటే, ఏడాది చివర్లో లెక్కల్లోకి వెళ్ళేది కూడా అదే.

21 రోజుల్లోపు పంచాయతీలో చెప్తే ఖర్చు లేదు. ఆ తర్వాత 30 రోజుల దాకా లేటు ఫీజు, ఏడాది లోపు అయితే రాతపూర్వకంగా అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు దాకా పోవాలి, అదో నరకం. 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టిన పిల్లలకి స్కూల్లో చేర్చడం నుంచి ఆధార్ దాకా బర్త్ సర్టిఫికెట్టే ఆధారం కాబట్టి ఈ పని అలవాటు చేసుకున్న మంత్రసానికి ఊళ్ళో దానంతటదే విలువ పెరుగుతుంది. "మామ్మ దగ్గరికెళ్తే కాయితం కూడా చేయించి పెడుతుంది" అనే పేరు రావాలి.

ఏది మానాలి, ఏది మానక్కర్లేదు

ఇది కొంచెం ఇబ్బందైన సంభాషణ, ఆఫీసుకి వెళ్ళకముందే ఇంట్లో జరగాలి. పెద్దావిడకి నువ్వు చేసింది తప్పు అని చెప్పడం కాదు, డాక్టరు అడిగితే ఏం చెప్తుందో ముందే తేల్చుకోవడం. పూర్తిగా మానేసేవి ఇవీ. కడుపు మీద నొక్కి బిడ్డని దించడం, దీన్ని డబ్ల్యూహెచ్‌ఓ వద్దనే చెప్తోంది, గర్భసంచి పగిలిపోయే ప్రమాదం ఉంది. ఆర్ఎంపీని పిలిపించి నొప్పుల ఇంజెక్షన్ వేయించడం, ఇది అన్నిటికంటే డేంజర్, మంత్రసానుల పేరు చెడగొట్టింది ఎక్కువ ఇదే అని నా అభిప్రాయం, సూది వేసినోడు వెళ్ళిపోతాడు నింద ఈవిడ మీద పడుతుంది. బొడ్డు మీద పేడ, బూడిద, పసుపు పెట్టడం. ముర్రుపాలు పిండి పారబోయించడం. బిడ్డ ముక్కులో చెవుల్లో నూనె పొయ్యడం. పుట్టిన వెంటనే స్నానం, కనీసం 24 గంటలు ఆగాలి.

మానక్కర్లేనివి కూడా ఉన్నాయి, వీటి గురించి మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించక్కర్లేదు. నొప్పులప్పుడు పడుకోబెట్టకుండా నడిపించడం, గొంతుక్కూర్చోబెట్టడం, దూలానికి కట్టిన తాడు పట్టుకుని నిలబడనివ్వడం, నడుం రాయడం, గంజో కాఫీయో తాగించడం, బొడ్డుతాడు కొట్టుకోవడం ఆగాక కొయ్యడం. 2018లో డబ్ల్యూహెచ్‌ఓ ఇచ్చిన కాన్పు మార్గదర్శకాలు చదివితే ఇవన్నీ అందులో ఉన్నాయి, తల్లికి నచ్చిన భంగిమలో ఉండనివ్వాలి, తాగడానికి ఇవ్వాలి, తాడు కనీసం ఒక నిమిషం ఆగి కొయ్యాలి, అందరికీ అలవాటుగా కింద కోత పెట్టకూడదు అని. బోర్లాపడుకోకు, వెల్లకిలా పడుకోకు, నడువు నడువు అని తిట్టే ముసలామె మాట ఇప్పుడు ఆ సంస్థ ఆఫీసున్న జెనీవా నుంచి ఇంగ్లీషులో వస్తోంది. అర్జీలో మాత్రం ఇలా వెటకారంగా రాయకండి.

ఇక ఒక కాయితం మీద పెద్దక్షరాల్లో, చదువు రాకపోతే బొమ్మలతో, చెయ్యి పెట్టకుండా 108కి ఫోన్ చెయ్యాల్సిన గుర్తులు రాసి ఆమె ఇంట్లో గోడకి అంటించండి. రక్తం పోవడం. గుర్రపువాతం అంటే ఫిట్స్, లేక దానికి ముందొచ్చే తలనొప్పి, కళ్ళు మసకలు, మొహం వాపు. ఉమ్మనీరు పోయి నొప్పులు రాకపోవడం. బిడ్డ అడ్డంగా ఉండటం, చెయ్యో కాలో తాడో ముందు కనబడటం. ముందు కాన్పు ఆపరేషన్ అయ్యుండటం. కవలలు. పుట్టాక అరగంటైనా మాయ పడకపోవడం. బాలింతకి జ్వరం, వాసనొచ్చే మైల. ఈ గోడ కాయితానికి ఫొటో తీసి ఫైల్లో పెట్టండి. మెడికల్ ఆఫీసర్ ఈ ఫొటో చూసి మెత్తబడినట్టు ఇంకే కాయితానికీ మెత్తబడరు, ఇది నేను గట్టిగా చెప్పగలను.

ఆశా వర్కర్‌తో తగువు పడకుండా

ఊరి స్థాయిలో అసలు గొడవ డాక్టర్‌తో కాదు, ఆశాతో. జననీ సురక్షలో మన రాష్ట్రాల్లో ఊళ్ళ వైపు అర్హత ఉన్న తల్లికి 700, ఆశాకి 600. మంత్రసాని వెంటబెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళినా డబ్బు ఆశా పేరునే పడుతుంది, ఈవిడకి ఆటో ఛార్జీ కూడా రాదు. ఆశాకి ఏమో, ఈవిడ మధ్యలో దూరితే నా కేసు పోతుందేమో అని భయం, ఆమె బతుకూ అంతంతమాత్రమే, జీతం కాదు కదా అది, గౌరవ వేతనమో పని లెక్కన డబ్బులో. కాబట్టి మొదటి మీటింగ్‌లోనే ఆశాతో "కేసు నీదే అమ్మాయ్, పేరు నీదే, డబ్బు నీదే" అని తేల్చేసెయ్యండి. తర్వాత ఆమెకి కలిసొచ్చే విషయం చెప్పండి. ఆశా బాలింత ఇంటికి 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో వెళ్ళాలి, ఇంటి కాన్పు అయితే మొదటి రోజు కూడా. ఆ తారీఖుల మధ్యలో బిడ్డ పచ్చబడితే ఎవరు చూస్తారు? రోజూ కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళుపోసే మంత్రసాని చూస్తుంది. ఒళ్ళు వేడిగా ఉందని, పాలు సరిగా తాగట్లేదని, బొడ్డు చీము పట్టిందని అందరికంటే ముందు తెలిసేది ఆ చేతులకే. "తేడా ఉంటే మామ్మ నీకు ఫోన్ చేస్తుంది, నువ్వు ఏఎన్ఎమ్‌కి చెప్పు" అని ఒప్పందం చేసుకుంటే ఆశాకి పని తేలికవుతుంది, మంత్రసానికి పని ఉన్నట్టవుతుంది.

ఈ ఒప్పందం నోటిమాటగా వదిలెయ్యకుండా గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ కమిటీ మినిట్స్ బుక్‌లో రాయించండి. ఆ కమిటీ కాయితం మీదైనా ప్రతి ఊళ్ళో ఉంటుంది, ఏడాదికి 10,000 దాకా విడి నిధి కూడా ఉంటుంది, అందులోంచి మంత్రసానికి గ్లవ్స్, సబ్బు, టార్చిలైట్, ఫోన్ రీచార్జి ఇవ్వొచ్చు కదా అని అడగండి. ఇస్తారా అంటే చాలాచోట్ల సున్నం, బ్లీచింగ్‌కే సరిపోయిందంటారు, అయినా అడిగినట్టు మినిట్స్‌లో పడటమే ముఖ్యం. అలాగే ప్రతి నెల 9న పీహెచ్‌సీలో జరిగే గర్భిణుల ఉచిత చెకప్‌కి ఆమెని తోడు పంపండి, నాలుగు నెలలు వరసగా వెళ్తే నర్సులు ఆవిడ మొహం గుర్తుపడతారు. నిజం చెప్పాలంటే సగం గుర్తింపు అక్కడే వచ్చేస్తుంది.

లేబర్ రూమ్‌లో తోడు

ఇప్పుడు అసలు అర్జీ. 2016 ఫిబ్రవరిలో కేంద్ర ఆరోగ్యశాఖ ప్రభుత్వాస్పత్రుల్లో కాన్పుకి తోడు మనిషిని అనుమతించింది. షరతులు ఉన్నాయి. ఆడమనిషి, బంధువు అయ్యుండాలి, తనకీ కాన్పు అయ్యున్నావిడైతే మేలు, అంటురోగాలు ఉండకూడదు, శుభ్రమైన బట్టలు, కాన్పు అయ్యేదాకా ఉండాలి, సిబ్బంది పనిలో జోక్యం చేసుకోకూడదు, పక్క బల్ల మీద ఉన్నావిడ దగ్గరికి వెళ్ళకూడదు. బంధువు అనేదాని దగ్గర కంగారు పడక్కర్లేదు, మన ఊళ్ళల్లో మంత్రసాని సగం మందికి పెద్దమ్మో మేనత్తో అవుతూనే ఉంటుంది, మిగతా సగానికి వరసలు కలిపేస్తాం. అయినా తోడు ఎవరనేది గర్భిణి ఇష్టం, ఆమె చేతే రాయించండి, అప్పుడు కాదనడం కష్టం.

అర్జీ ఇలా ఉంటే చాలు, పెద్ద పెద్ద మాటలు అక్కర్లేదు:

"మెడికల్ ఆఫీసర్ గారికి. అయ్యా, నేను ఫలానా గ్రామం, నాకు ఫలానా నెలలో కాన్పు తేదీ ఇచ్చారు. కాన్పు సమయంలో నాకు తోడుగా మా పెద్దమ్మ ఫలానా ఆమెను ఉంచుకోదలిచాను. ఆమెకు కాన్పుల అనుభవం ఉన్నది. 2016లో కేంద్ర ఆరోగ్యశాఖ ఇచ్చిన తోడు మనిషి మార్గదర్శకాల్లోని షరతులన్నిటికీ ఆమె కట్టుబడి ఉంటుంది. వైద్యం, మందులు, కాన్పు విషయంలో సిబ్బంది చెప్పినట్టే నడుచుకుంటాము. దయచేసి అనుమతి ఇచ్చి ఈ విషయం నా కార్డు మీద రాయించగలరు."

ఎనిమిదో నెలలో ఇవ్వండి, నొప్పులొచ్చాక గేటు దగ్గర సెక్యూరిటీతో వాదించే టైమ్ ఉండదు. రెండు కాపీలు, ఒకదాని మీద స్టాంపు, తారీఖు. తల్లీబిడ్డ కార్డు మీద "తోడు: ఫలానా" అని ఏఎన్ఎమ్ చేత రాయిస్తే అదే పాస్‌లా పనిచేస్తుంది. ఇలా ఒకే ఊరినుంచి ఐదారుగురు గర్భిణులు ఒకే మంత్రసాని పేరు రాస్తే, అప్పుడు ఆస్పత్రి అభివృద్ధి సొసైటీ మీటింగ్‌కి ఆ కాపీలు పట్టుకెళ్ళి, ఆమెకి ఒక గుర్తింపు కార్డు, ఒక ఏప్రాన్, కేసుకి ఇంత అని భోజనం, ఛార్జీలు ఇప్పించమని అడగొచ్చు. మంత్రసాని పనికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి అని సామెత చెప్పి ఆమెతో ఉచితంగా చేయించుకోవడం ఇంక చాలు, కార్డుతోపాటు డబ్బు కూడా అడగండి.

లోపలికి వెళ్ళాక ఆవిడ నోరు కట్టుకోవడం కష్టం, ముందే చెప్పి పంపండి. కోత పెడుతుంటే "ఎందుకమ్మా కోస్తావ్, ఇంకొంచెం ఆగు" అంటుంది, తప్పుగా అనదు గానీ మర్నాటి నుంచి గేటు మూసుకుంటుంది. చెప్పాల్సింది ఏదైనా ఉంటే గర్భిణి చేతే అడిగించాలి.

తెలంగాణలో అయితే ఇంకో దారి ఉంది. అక్కడ 2017లో కరీంనగర్‌లో నర్సులకి 18 నెలల మిడ్‌వైఫరీ ట్రైనింగ్ మొదలైంది, ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యూనిసెఫ్ సాయంతో. కేంద్రం కూడా 2018 చివర్లో దేశమంతటికీ అలాంటి మార్గదర్శకాలే ఇచ్చింది. ఈ కోర్సు మంత్రసానికి రాదు, నర్సింగ్ చదివి రిజిస్టర్ అయినవాళ్ళకే. కానీ ఈ ట్రైనింగ్ పొందిన నర్సులు ఉన్న ఆస్పత్రుల్లో గొంతుక్కూర్చోవడం, నడిపించడం, తోడు మనిషి, ఇవన్నీ మామూలే కాబట్టి అర్జీ అక్కడ పెడితే త్వరగా కదులుతుంది. మంత్రసాని మనవరాలు ఇంటర్ బైపీసీలో ఉంటే జీఎన్ఎమ్‌కో బీఎస్సీ నర్సింగ్‌కో పంపి తర్వాత ఇందులో చేర్చండి.

సర్టిఫికెట్, డబ్బు

క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా వాళ్ళది సంప్రదాయ వైద్యులకి స్వచ్ఛందంగా ఇచ్చే సర్టిఫికేషన్ స్కీమ్ ఒకటి ఉంది, ఎముకలు కట్టేవాళ్ళు, పాముకాటు వైద్యులతోపాటు మంత్రసానులు కూడా ఆ పరిధిలోకి వస్తారు. చదువు చూడరు, నోటితో అడుగుతారు, చేసి చూపించమంటారు, ఊళ్ళో విచారిస్తారు. మీ నోట్‌బుక్ ఇక్కడ బాగా పనికొస్తుంది. కానీ ఇది లైసెన్స్ కాదు, దీన్ని చూపించి కాన్పులు చెయ్యడం మొదలెట్టొద్దు, ఇంటి ముందు "రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్" అని బోర్డు అసలే పెట్టొద్దు, ఆ పేరు నర్సింగ్ కౌన్సిల్లో నమోదైనవాళ్ళది.

డబ్బు విషయంలో నాకు మండే సంగతి ఒకటి చెప్తా. 2023 సెప్టెంబర్‌లో చేతివృత్తులవాళ్ళ కోసం వచ్చిన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులు ఉన్నాయి, మంగలి పని ఉంది, చాకలి పని ఉంది, పనిముట్లకి 15,000 ఇస్తారు. మన దగ్గర చాలా ఊళ్ళల్లో మంత్రసానితనం ఆ మంగలి ఇంటి ఆడవాళ్ళదే. భర్త కత్తెరకి కిట్టు వచ్చింది, భార్య చేతికి రాలేదు, లిస్టులోనే లేదు. దీని మీద ఎంపీకి, ఎమ్మెల్యేకి లెటర్లు పెట్టించండి, నాయీబ్రాహ్మణ సంఘాలు ఉన్నచోట వాళ్ళచేత పెట్టించండి, సంఘం లెటర్‌హెడ్ మీద పోతే చదువుతారు. మాదిగ, ఎరుకల, గిరిజన మంత్రసానులు కూడా ఉన్నారు కాబట్టి ఒక కులం అర్జీలా కాకుండా వృత్తి అర్జీలా ఉంటే ఇంకా మంచిది.

పద్మ అవార్డుల మాట ఎత్తితే నవ్వుతారు గానీ, 2018లో పద్మశ్రీ తీసుకున్న సూలగిత్తి నరసమ్మ మనకి సరిహద్దులోనే, తుముకూరు జిల్లా పావగడ వైపు ఆవిడ, ఇంటి భాష తెలుగు, బడికి పోలేదు, 15,000కి పైగా కాన్పులు చేసిందని చెప్తారు. ఆన్‌లైన్‌లో ఎవరైనా నామినేట్ చెయ్యొచ్చు, 800 పదాల లోపు రాయాలి. అవార్డు రాకపోయినా ఆ 800 పదాలు తర్వాత ప్రతి అర్జీకీ జతచెయ్యొచ్చు.

ఏజెన్సీ ఊళ్ళ వాళ్ళకి

పాడేరు, పార్వతీపురం, సీతంపేట, భద్రాచలం, ఉట్నూరు వైపు లెక్క వేరు. అక్కడ రోడ్డు దాకా డోలీ మోసుకొచ్చే దారిలోనే కాన్పయ్యే కేసులు ఇంకా వస్తున్నాయి, ఆ డోలీ వెంట నడిచేది మంత్రసానే. సాలూరు, గుమ్మలక్ష్మీపురం వైపు నెలలు నిండిన గర్భిణుల్ని ముందే తెచ్చి ఉంచే వసతి గృహాలు పెట్టారు, అది నిజంగా పనికొచ్చిన ఏర్పాటు. కానీ చాలామంది అక్కడ ఉండలేక వెనక్కి పోతారు, భాష రాదు, ఇంట్లో మేకలు, చిన్నపిల్లలు. మీరు ఐటీడీఏ పీఓకి (గిరిజనాభివృద్ధి సంస్థ ప్రాజెక్టు ఆఫీసరుకి) పెట్టే అర్జీలో ఇది అడగండి, ప్రతి నాలుగైదు ఊళ్ళకి ఒక మంత్రసానిని వసతి గృహంలో రోజు కూలీ మీద ఉంచమని. కువి, సవర లాంటి గిరిజన భాషలు మాట్లాడే పెద్దావిడ అక్కడుంటే ఆడపిల్లలు నిలుస్తారు. డోలీ దారి కోసం ఆమె దగ్గర శుభ్రమైన కిట్టు ఉండాలి, గ్లవ్స్, కొత్త బ్లేడు, తాడు కట్టే దారం, ప్లాస్టిక్ షీటు, బిడ్డకి పొడిబట్ట. చేతులు, పరుపు, బ్లేడు, దారం, బొడ్డు, ఈ ఐదూ శుభ్రంగా ఉంచడం, గర్భిణులకి టీకాలు, ఆస్పత్రి కాన్పులు అన్నీ కలిసే బాలింతలకీ పసిబిడ్డలకీ వచ్చే ధనుర్వాతాన్ని తగ్గించాయి, 2015 నాటికి దేశంలో దాదాపు పోయింది.

ఇంకో చిన్న విషయం, దీన్ని ఎవరూ రాయరు. 108 మంత్రసానిని ఎక్కించుకుంటుంది గానీ వెనక్కి దించదు. తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ బాలింతని ఇంటికి దించుతుంది, అప్పుడు ఈవిడా ఎక్కొచ్చు, కానీ అది డిశ్చార్జి రోజు. ఆస్పత్రిలో ఉచిత భోజనం తల్లికే, మామూలు కాన్పుకి మూడు రోజులు, ఆపరేషన్‌కి వారం. ఆ రోజులన్నీ తోడొచ్చిన ముసలామె ఏం తింటుంది, ఎక్కడ పడుకుంటుంది? ఐటీడీఏ అర్జీలో తిరుగు ఛార్జీ, భోజనం అని విడిగా రెండు లైన్లు, రోజుకి ఇంత అని అంకె వేసి మరీ రాయండి. అంకె లేకపోతే "పరిశీలిస్తాం" అని రాసి పక్కన పెడతారు.